కొసరు

కుళాయికి వాషరు కొందామని వెళ్ళాను.
ఆదివారం, ఆగస్టు చలి.
త్రిస్తాన్ నర్వాహా వీధి పొడవునా
మొంతెవిదేవో తన అటకలన్నీ దులిపి
దుప్పట్ల మీద పరిచేసింది.
మూతల్లేని టీకుండలు, కుండల్లేని మూతలు,
ఎవరి పెళ్ళివో గాజు గ్లాసులు, అయిదే.

అక్కడుంది కుర్చీ.
మూడు కాళ్ళు నిక్కచ్చిగా నిలబడ్డాయి,
నాలుగోది మొహమాటపడుతూ
నేలను తాకీ తాకనట్టు.

"ఆరువందలు" అన్నాడు దోన్ ఎల్బియో,
మాతే పీల్చడం ఆపకుండానే.
"ఈ కుంటిదానికా?"
"కుంటి కాదమ్మా, ఆలోచనలో ఉంది."

మూడువందల ఎనభైకి తెగింది.
డబ్బు చేతులు మారినా నేను కదల్లేదు.
కొసరు పడకుండా బేరం ముగిసినట్టుండదు నాకు.
ఆయన నిట్టూర్చి, మేకుల డబ్బా కెలికి
ఓ ఇత్తడి గుబ్బ నా అరచేతిలో పెట్టాడు.
సొరుగు లేని గుబ్బ.

బస్సులో వెనక తలుపు దగ్గర
కుర్చీ వేసుకుని కుర్చీలోనే కూర్చున్నాను.
"ఇద్దరికీ టికెట్టు కొట్టనా?" అన్నాడు కండక్టరు.
ప్రతి మలుపుకీ ఒరుగుతూ
యాభై ఒకటో ఏట, వాషరు మరిచిపోయి,
ఊరేగాను.

ఈ గోడ నేను కట్టిందే.
సహకార సంఘం ఇళ్ళు మావి:
రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి
వారానికి ఇరవై గంటలు ఇటుకలు మోశాను,
పిండి కలిపిన చేతుల్తోనే సిమెంటు కలిపాను.
తాళం చేతికొచ్చి తొమ్మిదేళ్ళు,
ఒక్క మేకు కొట్టలేదు.
అంతకుముందు బతికిన అద్దె గదులన్నిటిలో
తలుపు వెనక ఒకటే కాగితం:
గోడలకు మేకులు కొట్టరాదు.
కాగితం అక్కడే ఉండిపోయింది,
మాట మాత్రం నా వెంట వచ్చింది.

కుర్చీ తెచ్చి గోడకు ఆనించాక
మొదటిసారి గోడ కనబడింది.
గోడకు రంగేస్తే తెర వెలవెలబోయింది.
తెర మారిస్తే దీపం ఎబ్బెట్టు.
ఒక అబద్ధానికి పది అబద్ధాలంటారే,
నిజానికీ అంతే ఖర్చు.

ఆ రంగు కూడా
ఎవరో కలిపించుకుని తీసుకెళ్ళని డబ్బా, సగం ధర.
ఆకుపచ్చా కాదు, బూడిదా కాదు.
"ఆసుపత్రిలా ఉంది సుల్మా" అన్నాడు పక్కింటి హెబెర్ట్.
చల్లారిన బచ్చలిపులుసు అనుకున్నాను నేను, ముద్దొచ్చింది.

గుబ్బ కిటికీలో కూర్చుని నన్నే చూసేది.
లాడం దొరికిందని గుర్రాన్ని వెతికినట్టు
పద్నాలుగు ఆదివారాలు తిరిగాను.
వేలి కణుపుతో తట్టి
చేవ కర్రో అతుకు చెక్కో వినడం నేర్చాను.
సొరుగు లాగి లోపలి వాసన చూడడం,
ఒకదాన్లో కలరా ఉండలు, ఒకదాన్లో పొగాకు,
ఒకదాన్లో ఏదో మందు, పేరు నాలిక చివరే ఉండిపోయింది.
మోజు మొహాన కనబడకుండా దాచడం మాత్రం
ఇప్పటికీ రాలేదు.
"నీ చెవులు ఎర్రబడ్డాయి, ధర పెరిగింది"
అంటాడు ఎల్బియో.

సాయంత్రం బస్సుల్లో
వెలిగిన కిటికీల్లోకి దొంగచూపులు.
ఎవరింట్లోనో దీపానికి నారింజ రంగు గొడుగు.
దిగాల్సిన స్టాపు దాటిపోయింది రెండుసార్లు.

నవంబరులో, చెట్ల నూగు కళ్ళల్లో మండుతుంటే,
దొరికింది మూడు సొరుగుల బీరువా.
అడుగున ఎవరో పిల్లలు అంటించిన బబుల్‌గమ్,
గులకరాళ్ళలా గట్టిపడి.
అదీ ఉండనీ అన్నాను.
తీరా చూస్తే ఆరు గుబ్బలూ ఉన్నాయి,
ఒక్కటీ ఊడలేదు.
ఊడినదాని కోసం ఇంకా వెతకాలా?
కొనేశాను.

ఆ రాత్రి హెబెర్ట్ డ్రిల్లు అడిగి తెచ్చి
గోడకి కన్నం పెట్టాను.
ఎర్రటి పొడి రాలింది మణికట్టు మీద.
గుబ్బను గోడకే బిగించాను,
కోటు తగిలించుకోవడానికని చెప్పుకుంటూ.

డ్రిల్లు తిరిగి తీసుకెళ్ళడానికి వచ్చినవాడు
గుబ్బ పట్టుకుని లాగి చూశాడు.
"లోపల ఏముంది?"

ఇటుకలు, అన్నాను.
కూర్చో, జాగ్రత్త,
ఆ కుర్చీ కాస్త ఆలోచిస్తుంది.